చిన్నత్తమ్మ తోమిన హౌజు

ఆ హౌజు అంత చిన్నదని మా చిన్నత్తమ్మకు ముందే తెలియదా?

ఇన్నేళ్లయినా ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఎండాకాలం నుంచి కార్తీకం దాకా అందులో దిగి గోడలు తోమింది ఆమె. అడుగు కడిగింది ఆమె. చీపురు పట్టుకుని ఈ మూల నుంచి ఆ మూలకు నడిచిందీ ఆమే. ఆ పొడవెంతో ఆమె కళ్లకు కాకపోయినా కాళ్లకైనా తెలిసి ఉండాలి కదా. చాలా ఏళ్ల తర్వాత వాడపల్లికి వెళ్లినప్పుడు, ఒడ్డున నిలబడి ఒకసారి అడిగాను కూడా. ఆమె నదిలోంచి తల బయటపెట్టి, "ఆ తువ్వాలు ఇటు విసురు" అంది. అంతే.

చిన్నత్తమ్మ అంటే మా మామగారు లక్ష్మీనర్సయ్య గారి చెల్లెలు, హైమావతి. నేను సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు ఆ ఇంటి కోడలిగా వెళ్లింది పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది. అప్పటికి ఆమెకు నలభై ఉంటాయేమో. కోదాడలో ఇచ్చారు. భర్త చిన్న వయసులోనే పోయాడు. ఆ గడబిడ రోజుల్లో కోదాడ ఇల్లు తలో దిక్కూ చెదిరిపోతే అన్నగారింటికి వచ్చి ఉండిపోయింది. మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేది. ఒక్కచోట కూర్చునేది కాదు. ఎవరితోనైనా చెరువుకట్ట మీద నడుస్తుంటే మాత్రం ఆమె అడుగు దానంతటదే నెమ్మదించేది. మాట్లాడేది మనతోనే, చూపు మాత్రం నీళ్ల మీద ఉండేది.

మామగారిది వడ్ల మిల్లు. రజాకార్ల భయానికి ఇల్లు తాళం వేసి కొన్నాళ్లు బెజవాడలో ఒక బంధువుల మేడలో తలదాచుకున్నారు. ఆ మేడ వెనక ఈత కొట్టే తొట్టి ఒకటి ఉందట. సాయంత్రమయితే ఆ ఇంటి మగవాళ్లు అందులో దిగి కేరింతలు కొట్టేవారట. తిరిగి వచ్చాక మొదటి పని మిల్లు తలుపులు తెరవడం, రెండో పని పెరట్లో అటువంటి హౌజు కట్టించడం.

"పారిపోయొచ్చినోడు అనుకుంటుర్రు ఊర్ల. హౌజు గట్టినోడు అనుకోవాలె ఇగ" అనేవారు.

వాడపల్లి దిక్కు నుంచి సున్నం బండ్లు వచ్చాయి. మేస్త్రీలు కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్లు సున్నంలో కలిపి గానుగలో నూరి, గోడలకు అద్దంలా మెరుగు పెట్టారు. రెండు ఎడ్లబండ్లు వరసగా నిలిపితే సరిపోయేంత పొడవు, నిలబడితే రొమ్ముల దాకా లోతు, ఒక పక్క మెట్లు. నీళ్లకు పెరట్లోనే కొత్త బావి తవ్వించారు. మోట తోలే సైదులు మంచి రోజు చూసి ఎడ్లను కట్టి నీళ్లు పోశాడు.

పొద్దున హౌజు నిండితే అడుగున మేస్త్రీ చేతి గీతలు కూడా కనిపించాయి. మామగారు బజారుకు వెళ్లి కనిపించిన ప్రతివాళ్లనూ సాయంత్రం రమ్మన్నారు. వాళ్లు వచ్చేసరికి నీళ్లు ఎర్రబారాయి. ఎర్రమట్టి కలిపినట్టు కాదు. తుప్పు పట్టిన గొళ్లెం కడిగినట్టు. పైన నూనె తెట్టులాంటి పొర.

"పొద్దుగాల అద్దం లెక్కుండె గదరా. గింతల్నే ఏమైంది?" అని మామగారు సైదులును పట్టుకున్నారు. "బొక్కెనకు తుప్పు వట్టిందా?"

"బొక్కెన తోలుది సావుకారి. తోలుకు తుప్పెట్ల వడ్తది?"

"మరి ఎడ్లకు వట్టిందా?"

"ఎడ్లను జూడుర్రి మీరే. నిన్ననే కడిగిన."

వచ్చినవాళ్లు నవ్వు ఆపుకుంటూ పాన్లు వేసుకుని వెళ్లిపోయారు. మా అత్తమ్మ రాజేశ్వరి మాత్రం నవ్వలేదు. కొంగు బిగించి హౌజు వంక చూసి, "పోయినేడు ఎంత నెత్తురు వారిందో ఊర్లల్ల. భూమి తాగింది. గిప్పుడు బావిల ఊరుతున్నది" అంది.

ఆ మాట కొట్టిపారేయడానికి లేదు. ఆ ఏడాది ఎవరింట్లోనైనా ఒక పేరు తక్కువగానే ఉంది. అప్పుడు చిన్నత్తమ్మ మెట్లు దిగి, వేలితో నీళ్లు తీసి నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది.

"నెత్తురయితే ఈగలు వాలాలి కదా వదినా. ఒక్క ఈగ వాలిందేమో చూపించు. ఇది ఇనుము. మేకు నోట్లో పెట్టుకున్నట్టే ఉంది."

"ఇనుము దింటవా నువ్వు, రుచి దెల్వనీకె?" అన్నారు మామగారు.

"కోదాడలో తాగిందంతా ఇదే. మా అత్తగారింటి బావి కొంచెం ఇట్లానే ఉండేది."

అది నిజమే అయి ఉండాలి. ఎందుకంటే ఆ నీళ్లతో చాయ్ పెడితే నల్లబడుతుందని ఆమె ముందే చెప్పింది. పెట్టి చూశాం. నల్లబడింది. తెల్ల పంచెలు ఉతికితే సన్యాసి బట్టలయ్యాయి. మామగారు ఒకనాడు ఆ పంచెతోనే మిల్లుకు వెళితే, హమాలీలు దండం పెట్టారట.

రెండుసార్లు తోడించారు, రెండుసార్లు నింపించారు. పటిక బిళ్లలు తిప్పారు. ఇండుప గింజలు అరగదీసి కలిపారు. మట్టి నీళ్లయితే తేరుకునేవేమో. ఇవి తేరుకోలేదు. మామగారికి విసుగొచ్చింది. మిల్లు ఊక పోయడానికి జాగా చాలక వీధివాళ్లతో రోజూ తగువు.

"కొత్త వడ్లు మిల్లుకు దిగంగనే దీంట్ల ఊక పోయిస్త. హౌజు ఖతం. ఊక గుంత అనుకుంటే సరిపాయె" అని తేల్చేశారు.

ఆ మాట అన్నప్పుడు మేం భోజనాల దగ్గర ఉన్నాం. చిన్నత్తమ్మ వడ్డిస్తోంది. గరిటె గిన్నెలో పెట్టి, "ఆ లోపు నీళ్లు తెల్లగా చేస్తే?" అంది.

"చేస్తే ఉంటది."

"ఉంటే మొదట నేను దిగుతాను."

"దిగి ఏం జేస్తవ్ చెల్లె?"

"ఈదుతాను."

మామగారు ముద్ద నోటి దగ్గర ఆపారు. చెల్లెలి మొహంలోకి చూసి, తర్వాత విస్తరిలోకి చూసుకున్నారు. ఆ తర్వాత అత్తమ్మ నాకు చెప్పింది. వాళ్లిద్దరూ చిన్నప్పుడు వాడపల్లిలో అమ్మమ్మగారింట్లో పెరిగారట. మూసీ వచ్చి కృష్ణలో కలిసేచోట చిన్నత్తమ్మ అవతలి ఒడ్డుకు ఈది, అక్కడ ఇసుకలో కూర్చుని, అన్నను వెక్కిరించి, తిరిగి ఈదుకుంటూ వచ్చేదట. అన్న ఈవలి ఒడ్డున ఆమె పొడి బట్టలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడట. ఆయనకు నీళ్లంటే భయం. పదమూడో ఏట ఆమెను కోదాడకు పంపారు. అప్పటి నుంచి ఆమె స్నానమంతా రాగి కాగులో నీళ్లే.

ఈత రాని మనిషి హౌజు కట్టించాడు. ఈత వచ్చిన మనిషి దాన్ని దక్కించుకోవాలి. ఆ ఏడు ఆ ఇంట్లో జరిగిందంతా ఇదే.

మొదటి ప్రయత్నం చిన్నత్తమ్మదే. అది ఎంత చెడిందో ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. మేస్త్రీలు వదిలిపోయిన కరక్కాయల సంచి కొట్టంలో ఉంది. అది చూసి ఆమెకు ఆలోచన తట్టింది.

"కడుపు కడగడానికి ఇస్తాం కదా కరక్కాయ. నీళ్లు కడగదా?"

"అంత పెద్ద కడుపుకు ఒక్క సంచి సాలుతదా?" అంది అత్తమ్మ, నవ్వకుండానే.

సంచెడు కరక్కాయలు దంచాం. నా అరచేతులు బొబ్బలెక్కాయి. పొడి నానబెట్టి, వడగట్టి, సాయంత్రం చిన్నత్తమ్మ హౌజు చుట్టూ తిరుగుతూ కుండలతో పోసింది. పోస్తుంటేనే నీళ్లు ఎందుకో మసక వేశాయి. "పని చేస్తోంది" అంది ఆమె సంబరంగా.

తెల్లారి మామగారు ఒక్క కేక పెట్టారు. మేమంతా పరుగెత్తాం. హౌజు నిండా నల్లటి నీళ్లు. బొగ్గు కడిగిన నలుపు కాదు, నీలం కలిసిన నలుపు. ఇనుములో కరక్కాయ పడితే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. మా మామగారి తండ్రి ఇంట్లోనే కరక్కాయ, అన్నభేది కలిపి కలం సిరా కాచుకునేవారు. అన్నభేది అంటే ఇనుము ఉప్పే. ఒక్కరికి కూడా ముందు రోజు అది గుర్తుకు రాలేదు. పెరట్లో ఒక హౌజుడు సిరా తయారైంది.

ఆ రోజే కొత్తగా బదిలీ మీద వచ్చిన తహసీల్దారు గారు మిల్లు చూడటానికి వచ్చారు. హౌజు గురించి విన్నారట. చూస్తానన్నారు. వద్దనడానికి మామగారికి నోరు రాలేదు. ఆయన వంగి, చెయ్యి ముంచి, తీసి చూసుకున్నారు. తుడుచుకోబోయి తెల్ల చొక్కాకు అయిదు వేళ్లూ అచ్చుపడ్డాయి.

"మీరు దీంట్లో ఈదుతారా లక్ష్మీనర్సయ్య గారూ, రాస్తారా?" అన్నారు.

చిన్నత్తమ్మ వంటింటి తలుపు వెనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుకో, ఏడుపుకో తెలియలేదు. నేను మాత్రం ఒక చెంబెడు తెచ్చుకుని పొయ్యి మీద చిక్కబడేదాకా కాచి, సూర్యాపేటకు మా నాన్నకు జాబు రాశాను. సిరా బాగుంది, ఏ దుకాణంలో కొన్నావు అని ఆయన జవాబు రాశాడు.

సిరా తోడించడం నాలుగైదు రోజుల పనయింది. గోడల మీద నల్లని చారలు మిగిలాయి. మామగారు వెళ్లి ఊక బండ్లకు దారి చదును చేయించడం మొదలుపెట్టారు. చిన్నత్తమ్మ ఆ మట్టి తవ్వుతున్న చప్పుడు వింటూ పెరట్లో తిరుగుతుండేది.

అట్లా తిరుగుతుండగానే, ఒక రోజు సైదులు ఎడ్ల తొట్టి దగ్గర తన రుమాలు పిండుతుంటే చూసింది. రుమాలు మల్లెపువ్వులా ఉంది.

"సైదులూ, ఆ రుమాలు ఎప్పటిది?"

"గిదా? పెండ్లిల వెట్టిర్రు అమ్మా. ఎందుకు, నీకు గావాల్నా?"

"ఎక్కడ ఉతుకుతావు?"

"గీడనే. తొట్టిల."

"ఈ బావి నీళ్లేనా?"

సైదులుకు ఆమె తనను ఆటపట్టిస్తోందని అనుమానం వచ్చింది. "ఈడ ఇంకో బావేడున్నది అమ్మా? నేనేమన్న బజారు నుంచి తెచ్చుకుంటున్ననా?"

"మరి నీ రుమాలు తెల్లగా ఎట్లా ఉంది? అన్న పంచెలు కాషాయమయ్యాయి."

"నాకేం ఎరుక? మీ అన్నను గీడ ఉతుక్కోమను."

ఆమె అప్పుడు తొట్టిలోకి వంగి చూసింది. అడుగు కనిపిస్తోంది. అక్కడి నుంచి వెనక్కి, కాలువ వెంబడి బావి దాకా నడిచింది. హౌజుకు నీళ్లు బావి గట్టు నుంచి నేరుగా తూములో పడేవి. తొట్టికి మాత్రం పెద్ద చుట్టు. మోట పోసిన నీళ్లు బండ మీద చిట్లి, మెట్టు దిగి, ఎండలో పలచగా పరుచుకుని, అరటి చెట్ల మధ్య ఇసుకలో పాకి, పశువుల కొట్టం దాటి తొట్టిలో చేరేవి. కాలువ మొదట్లో రాళ్లకు ఎర్రటి జిగురు దట్టంగా పట్టి ఉంది. అరటి చెట్ల దగ్గరికి వచ్చేసరికి పలచబడింది. కొట్టం దగ్గర అసలు లేదు.

"గాలి తగిలితే ఇనుము బయటపడుతోంది అరుంధతీ" అంది నాతో. "బయటపడేది దారిలోనే పడితే హౌజులో పడదు. మనం హౌజులోకి తెచ్చాక పడనిచ్చాం. అదీ తప్పు."

అయితే కొట్టం దాటి వచ్చిన నీళ్లంటే అత్తమ్మ వల్ల కాలేదు.

"బావి పక్కన మంచి తూము వెట్టుకొని, పెండ కాడికెళ్లి వచ్చిన నీళ్లల్ల తానం జేయాల్నా? నా వల్ల గాదు."

"కొట్టం పక్కన కాదు వదినా, అటువంటి కాలువ వేరేగా వేయిస్తాం. బండల మీదుగా."

"ఎవరు దిగుతరు దాంట్ల? నువ్వొక్కదానివే."

చిన్నత్తమ్మ వదిన వైపు తిరిగింది. "కార్తీక స్నానానికి చెరువుకు పోయి ఎన్నేళ్లయింది నువ్వు?"

గడబిడ మొదలైనప్పటి నుంచి ఆడవాళ్లు తెల్లవారుజామున చెరువుకు పోవడం మానేశారు. ఇంట్లో చెంబు నీళ్లు పోసుకుని, అది కార్తీక స్నానమే అనుకునేవాళ్లు.

"ఇంటి వెనకే నిండా మునిగి స్నానం. ఎవరి కంట్లో పడే పని లేదు" అంది చిన్నత్తమ్మ.

అత్తమ్మ లేచి లోపలికి వెళ్లింది. ఒప్పుకుందో లేదో అర్థం కాలేదు. కొంచెం సేపటికి పాత చింతపండు జాడీ తెచ్చి చిన్నత్తమ్మ ముందు పెట్టింది.

"గోడలు తోమాలంటే గిది గావాలె. రాగి చెంబులకు గిదే గద. కొత్త చింతపండు ముట్టినవంటే మాత్రం ఊకోను."

ఇక ఆ తర్వాత చిన్నత్తమ్మను ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఊక బండ్ల కోసం చదును చేసిన దారిలోనే బండలు పరిపించి, మెట్లు మెట్లుగా కాలువ వేయించింది. మధ్యలో ఒక గుంత తవ్వించి అడుగున ఇసుక పోయించింది, పిడికెడు సున్నం వేసింది. మొదట సున్నం ఎక్కువై ఆమె చేతులే పొక్కాయి. తర్వాత ఇసుక బిగుసుకుపోయి నీళ్లు అరటి చెట్లలోకి పొర్లాయి. మామగారు వాకిట్లో నిలబడి, "అరటి చెట్లు గూడ ఈదుతున్నయి" అన్నారు. ఆమె ఇసుక తీయించి కడిగించి మళ్లీ పోయించింది. మధ్యాహ్నాలు హౌజులో దిగి చింతపండు పిసికి, ఇటుక పొడి అద్ది, సిరా చారలు తోమేది. నేను గట్టున పుస్తకం పట్టుకుని కూర్చుంటే, లోపలి నుంచి పీచు రాపిడి, ఆమె కూనిరాగం కలిసి వినిపించేవి. ఈ చివర మొదలుపెట్టి ఆ చివరకు చేరేది. చేరి, నడుము పట్టుకుని, మళ్లీ ఇటు తిరిగేది. నేను చూస్తూనే ఉన్నాను.

కార్తీకం వచ్చింది. హౌజు నిండింది. పొద్దున తెల్లగా ఉంది, సాయంత్రం తెల్లగానే ఉంది, మర్నాడూ తెల్లగానే ఉంది. మామగారు దీపం పట్టుకుని వెళ్లి చూసి వచ్చారు. వెంటనే ఆయనకు తహసీల్దారు గుర్తుకొచ్చారు.

"ఆయనను పిలుస్త. మొదలు ఆయన సూడాలె. అంగి పాడైంది గదా పాపం."

"మొదలు కార్తీక తానం" అంది అత్తమ్మ. "తహసీల్దారు తర్వాత. ఆయనేమన్న ముత్తయిదువనా?"

సోమవారం తెల్లవారుతుండగా మగవాళ్లందరినీ మిల్లుకు తరిమేశారు. పొగమంచు పలచగా ఉంది. చిన్నత్తమ్మ చీర గోచీ పోసి బిగించి, మెట్ల మీదుగా కాదు, గట్టు మీద నుంచి దూకింది. చప్పుడు పెద్దగా లేదు. తల నీళ్లలోకి పోయి, చేతులు చాచి, ఒక బార, రెండు బారలు, మూడోది ఎత్తబోయేసరికి చెయ్యి గోడకు తగిలింది. తిరిగింది. మళ్లీ రెండు బారలు, మళ్లీ గోడ. ఇంకోసారి తిరిగింది. ఈసారి గోడ దాకా పోకుండా మధ్యలోనే నిలబడిపోయింది. నీళ్లు రొమ్ముల దాకా ఉన్నాయి. అటు గోడ చూసింది, ఇటు గోడ చూసింది.

తర్వాత నవ్వింది. మొదట చిన్నగా, ఆ తర్వాత పొట్ట పట్టుకుని, నీళ్లన్నీ అలలు లేచేలా.

"ఏమైందే?" అని అత్తమ్మ భయపడింది.

"ఏం లేదు వదినా. దిగు, నీళ్లు చాలా బాగున్నాయి."

నిజంగానే బాగున్నాయి. అత్తమ్మ కళ్లు మూసుకుని మూడు మునకలు వేసి, నాలుగోది లెక్కకు అక్కర లేకపోయినా వేసింది. చిన్నత్తమ్మ నా వీపు కింద చెయ్యి పెట్టి నన్ను నీళ్ల మీద పడుకోబెట్టింది. "బిగుసుకోకు. పుస్తకం చదువుతున్నట్టు పడుకో" అంది. ఆమె చెయ్యి ఎప్పుడు తీసేసిందో నాకు తెలియలేదు. కళ్లు తెరిస్తే పైన మంచు, ఆమె మొహం. ఆ మొహంలో బాధ లేదు. ఎక్కడికో దారి అడిగి తెలుసుకున్న మనిషిలా ఉంది.

ఆ వారమంతా ఆమె ప్రతి పొద్దూ మాతో దిగింది. కానీ మళ్లీ బారలు వేయలేదు. మెట్ల మీద కూర్చుని మాకు కాళ్లు ఆడించడం నేర్పింది. కాలువలో ఆకులు ఎట్లా తీయాలో, ఇసుక ఎప్పుడు కడగాలో సైదులుకు మళ్లీ మళ్లీ చెప్పింది. "నువ్వుంటవ్ గదమ్మా" అని వాడు విసుక్కునేవాడు.

ఆదివారం తహసీల్దారు వచ్చారు, ఈసారి నల్ల చొక్కా వేసుకుని. ఆయనతో పాటు ఇద్దరు ముగ్గురు దిగారు. మామగారు మెట్టు మీద కూర్చుని, పాదాలు మాత్రం నీళ్లలో పెట్టి, "నీళ్లకు గాలి తగలాలె సార్. గదే అసలు కిటుకు" అని చెబుతున్నారు. మేం వంటింట్లో బజ్జీలు వేస్తున్నాం. నా చేతులు మోచేతుల దాకా శనగపిండిలో ఉన్నాయి.

గుంతలోకి సున్నం తెచ్చిన వాడపల్లి బండి దింపేసి తిరిగి పోతోంది. కిటికీలోంచి చూస్తే దాని మీద చిన్నత్తమ్మ కూర్చుని ఉంది, ఒళ్లో చిన్న మూట, సున్నం అంటకుండా కింద గోనెపట్టా వేసుకుని. ఊరి బయటికి ఏదో పనికి పోతోందనుకున్నాను. మూట ఎందుకని తోచేసరికి బండి వెనక వాకిలి వైపు మళ్లింది. "అత్తమ్మా" అన్నాను. అత్తమ్మ మూకుడు వంక చూస్తూ, "ఉప్పు సరిపోయిందా సూడు" అంది.

బండి కాలువ పక్కనుంచే పోయింది. మూడో మెట్టు దగ్గర బాదం ఆకు ఒకటి నీళ్లకు అడ్డం పడి ఉంది. చిన్నత్తమ్మ బండి ఆపించి దిగింది. ఆకు తీసి గట్టు అవతలికి విసిరి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, మళ్లీ ఎక్కింది. బండివాడితో ఏదో మాట్లాడుతోంది. మా వైపు తిరగలేదు.